రాజకీయాల గొడవ బిలే దాకా వచ్చింది, నేనేం చేయాలి?

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు, ఊరు వేయొద్దని కోరారు. రాక్ క్లైంబింగ్ చేసే ఒక బృందాన్ని కొన్నేళ్లుగా ఆవిడే నడుపుతున్నారు. ఏ వారం ఏ కొండకు వెళ్లాలి, తాళ్లు ఎవరు తేవాలి, ఎవరికి ఎవరు జంట, కొత్తవాళ్లను ఎవరికి అప్పగించాలి, ఇవన్నీ ఆవిడే చూసుకుంటారు. డబ్బు కోసం చేసే పని కాదు. బృందంలో ఉద్యోగులు, విద్యార్థులు, రిటైరైనవాళ్లు అందరూ ఉన్నారు. కొండ దగ్గరికి వచ్చాక ఎవరి హోదా ఏమిటో, ఎవరు ఎవరికి ఓటేశారో ఎవరికీ పట్టేది కాదని, తనను ఇన్నేళ్లు అక్కడ నిలబెట్టింది ఆ సంగతేనని రాశారు.

ఎన్నికలు దగ్గరపడినప్పటి నుంచి ఆ వాతావరణం చెడింది. మొదట్లో చురకలు, నవ్వులు. తర్వాత నవ్వులు పోయి చురకలే మిగిలాయి. ఇప్పుడు సామాన్లు దించగానే రెండు గుంపులుగా కూర్చుంటున్నారట. ఒక గుంపుకు పెద్దదిక్కు బృందంలో అందరికన్నా సీనియర్. ఈవిడకు లీడ్ క్లైంబింగ్ (పైనుంచి ముందే తాడు లేకుండా, ఎక్కుతూ ఎక్కుతూ తాడును తగిలించుకుంటూ పోవడం) నేర్పింది ఆయనే. అందరూ 'అన్నా' అని పిలుస్తారు. రెండో గుంపు తరఫున గట్టిగా మాట్లాడేది ఈ మధ్యే చదువు పూర్తిచేసిన ఒకమ్మాయి. బాగా ఎక్కుతుంది, మాట పడదు.

అసలు రగడ ఒక రాతిగోడ గురించి మొదలైంది. డేగలు గూడు పెట్టే కాలమని అధికారులు ఆ గోడ మీద కొన్ని నెలలు ఎక్కడం ఆపేశారు. "మీరు గెలిపించినవాళ్ల పాలన ఇలాగే ఉంటుంది" అని అన్న అన్నారు. "మీ వాళ్లొస్తే కొండనే క్వారీకి రాసిచ్చేస్తారు" అని ఆ అమ్మాయి అంది. మాటా మాటా పెరిగింది. అన్న పక్కన కూర్చునే ఒకతను మధ్యలో దూరి, ఆ అమ్మాయి మతాన్ని, ఇంట్లోవాళ్లను కలిపి ఒక మాట విసిరాడు. అన్న ఆ మాట అనలేదు. అలాగని ఆపనూ లేదు.

ఆ తర్వాత జరిగింది ఆవిడ మాటల్లోనే (బిలే అంటే కింద నిలబడి ఎక్కేవాళ్ల తాడు పట్టుకోవడం, హార్నెస్ నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు, క్యారబీనర్ బిలే పరికరాన్ని హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం): "ఆ రోజు జంటలు పొద్దున్నే నేనే వేశాను. గొడవయ్యాక కూడా మార్చమని ఇద్దరూ అడగలేదు, పంతం. అమ్మాయి ముడి వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది, అన్న బిలే పట్టుకున్నారు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. తను రాతిలో దిగేసి ఉన్న రెండో బోల్ట్‌కు తాడు క్లిప్ చేసేసరికి నా చూపు అన్న హార్నెస్ మీద పడింది. బిలే క్యారబీనర్ స్క్రూ బిగించి లేదు. గబగబా వెళ్లి నేనే తిప్పి లాక్ చేశాను. ఆయన కళ్లు పైనే ఉన్నాయి, నేనేం చేశానో గమనించారో లేదో తెలియదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

బృందంలో రాజకీయాలు మాట్లాడకూడదని రూల్ పెట్టేయాలా అని అడుగుతున్నారు. ఇద్దరిలో ఒకరిని పంపించేయమని రెండు వైపుల నుంచీ ఒత్తిడి వస్తోందట. చివర్లో ఇలా రాశారు: "నిజానికి నా అభిప్రాయాలు ఆ అమ్మాయికే దగ్గర. కానీ ఈ కొండల్ని నాకు చూపించింది అన్న. నేనెటో ఎవరికీ చెప్పలేదు. ఇది పిరికితనమా? అందరినీ వాళ్ల మానాన వదిలేసి నేనే తప్పుకుంటే మంచిదా?"

సమాధానం

మీరు రాజకీయాల గురించి పేజీలకు పేజీలు రాశారు. క్యారబీనర్‌కు ఒక్క పేరా ఇచ్చారు. నేను ఆ పేరా దగ్గరే మొదలుపెడతాను. మిగతా చిక్కులు నెలల మీద తేలినా ఫరవాలేదు, ఇది మాత్రం వచ్చే వారం లోపు తేలాలి.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. పైకి ఎక్కేవాళ్ల హార్నెస్‌కు తాడు కొసను ఎనిమిది అంకె ముడితో కడతారు. కింద నిలబడి ఆ తాడును వదులుతూ, బిగిస్తూ, జారితే పట్టి ఆపేవాళ్లు బిలేయర్. నేల వదిలే ముందు ఇద్దరూ ఒకరిదొకరు చూసుకోవాలి. ముడి పూర్తిగా పడిందా, నడుము దగ్గర బకిల్ బిగించారా, బిలే పరికరంలో తాడు సరైన వైపు ఎక్కిందా, క్యారబీనర్ లాక్ అయిందా, తాడు రెండో కొసకు ముడి ఉందా. అర నిమిషం పని. కంటితో చూసి వదిలేయరు, చేత్తో లాగి చూస్తారు, పైకి చెప్పుకుంటారు. క్యారబీనర్ గేటును నొక్కితే తెరుచుకోకూడదు, అంతే పరీక్ష. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు మనుషులు ఈ అర నిమిషం పని చేయలేరు. ఆ రోజు మీ అన్న, ఆ అమ్మాయి చేయలేకపోయింది ఇదే.

ఆయనది నిర్లక్ష్యమని నేననుకోవడం లేదు. చేయి తిరిగినవాళ్లకూ ఇది జరుగుతుంది. లిన్ హిల్ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1989 నాటికే ఆమె ప్రపంచంలో అగ్రశ్రేణి క్లైంబర్లలో ఒకరు. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో ఒక గోడ ఎక్కబోతూ తాడును హార్నెస్‌లోకి దూర్చారు, ముడి పూర్తి చేయకముందే ధ్యాస మళ్లింది. పైదాకా ఎక్కారు. దిగడానికి తాడు మీదికి బరువు వదలగానే 70 అడుగులకు పైనుంచి పడిపోయారు. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికారు. ఆమె ధ్యాస మళ్లడానికి ఏ గొడవా అక్కర్లేకపోయింది. మతాన్ని, ఇంటివాళ్లను అనిపించుకుని వచ్చిన అమ్మాయి బుర్ర, అవతల తాడు పట్టుకున్న పెద్దాయన బుర్ర ఆ పది నిమిషాలు ఎక్కడున్నాయో మీరే ఊహించండి.

ఇంకో రకం ప్రమాదం కూడా మీకు చెప్పక్కర్లేదు. పైకి చేరిన మనిషి బిలేయర్ తనను దించుతాడనుకుంటాడు. కిందివాడేమో అతను రాపెల్ చేసుకుని సొంతంగా దిగుతాడనుకుని తాడు తీసేస్తాడు. పైమనిషి వెనక్కి వాలుతాడు, తాడు పట్టినవాళ్లు ఉండరు. నేల మీద ఉన్నప్పుడే 'నన్ను దించు' అనో 'నేనే దిగుతా' అనో ఒక్క మాట అనుకుంటే ఇది జరగదు. వాదించుకునేవాళ్లు కనీసం మాట్లాడుకుంటున్నారు. మీ బృందంలో నన్ను భయపెట్టింది వాదన ముగిశాక వచ్చిన ఆ మౌనం. మీరూ అందులో భాగమయ్యారు. స్క్రూ బిగించి పక్కకు తప్పుకున్నారు.

కాబట్టి ముందు ఆ ఇద్దరికీ విడివిడిగా చెప్పండి. అమ్మాయికి ఎందుకంటే ప్రాణం తనది, తాను ఏ స్థితిలో రెండో బోల్ట్ దాకా వెళ్లిందో తెలుసుకునే హక్కు తనకుంది. అన్నకు ఎందుకంటే ఇన్నేళ్లుగా ఎందరికో బిలే పట్టిన మనిషికి ఈ సంగతి దాచడం ఆయన్ని చిన్నపిల్లాడిలా చూడటమే. ఇలా అనొచ్చు: "అన్నా, ఆ రోజు మీ క్యారబీనర్ లాక్ కాలేదు, నేను తిప్పాను. మీరిద్దరూ చెక్ చేసుకోలేదు. కోపంలో ఉన్నవాళ్లను జంటగా ఉంచింది నేను, ఇకముందు అలా ఉంచను." ఇందులో ఎవరి పార్టీ ప్రస్తావనా లేదు చూడండి. ఆయన నొచ్చుకోవచ్చు. 'నాకే చెప్పేంత దానివయ్యావా' అని రెండు వారాలు ముభావంగా ఉండొచ్చు. అమ్మాయి ఇక ఆయనతో ఎక్కనని తేల్చేయొచ్చు, ఆ గుంపులో ఇది ఒక ఆయుధంగానూ మారొచ్చు, 'చంపబోయాడు' అనే దాకా పోవచ్చు. అందుకే చెప్పేటప్పుడు తప్పు ఇద్దరిదీ అని స్పష్టంగా అనండి. ఎక్కే మనిషి కూడా బిలేయర్‌ను చూడాలి, తను చూడలేదు. ఈ ఇబ్బందులన్నీ ఉన్నా సరే చెప్పాలనే అంటాను. ఇవి చెప్పడం వల్ల వచ్చే నష్టాలు. చెప్పకపోతే వచ్చే నష్టమేమిటో మీ నిద్రకు తెలుసు.

వాళ్లిద్దరినీ కొంతకాలం జంటగా వేయకండి. పంచాయితీ పెట్టి కలిపేద్దామని ఎవరైనా ఉత్సాహపడినా ఒప్పుకోవద్దు. ఒకరితో ఒకరు పడని ఇద్దరు ఒకే తాడుకు ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు.

ఇక రాజకీయాలు మాట్లాడకూడదనే రూల్ సంగతి. దీన్ని కోరుకునేవాళ్ల అలసట నాకు అర్థమవుతుంది. వారమంతా ఇంట్లో, ఆఫీసులో, టీవీలో అదే గోల. కనీసం ఆదివారం రాయి మీదైనా ప్రశాంతంగా ఉండనీయండి అంటారు. రూల్ పెడితే కొన్ని వారాలు నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ ఆ రూల్ కింద మీ డేగల గోడ గురించి ఎలా మాట్లాడతారు? అధికారులు ఆపేశారు. అది న్యాయమా, ఎంతకాలం, తిరిగి తెరవమని అడగాలా, ఎవరిని అడగాలి? ఇదంతా రాజకీయమేనని ఎవరో ఒకరు అడ్డుపడతారు. నోరు మూసుకోవాల్సి వచ్చేది అప్పుడు ఎవరో మీరు గమనించాలి. ఉన్నది ఉన్నట్టే ఉండాలనుకునేవాళ్లకు ఈ రూల్‌తో ఏ ఇబ్బందీ ఉండదు. మారాలనుకునేవాళ్లకే ఉంటుంది.

రాయికి, రాజకీయానికి సంబంధం లేదన్న మాట వినడానికి బాగుంటుంది గానీ ఎక్కే ప్రతి రాయీ ఎవరిదో ఒకరి నేల మీద ఉంటుంది. అమెరికాలోని యూటాలో ఇండియన్ క్రీక్ అనే చోట ఇసుకరాతి గోడల్లో పగుళ్లు నిలువునా ఉంటాయి, వాటి కోసం ప్రపంచం నలుమూలల నుంచీ క్లైంబర్లు వెళ్తారు. 2016 చివర్లో ఒబామా బేర్స్ ఇయర్స్ పేరుతో ఆ ప్రాంతాన్ని రక్షిత స్మారక ప్రాంతంగా ప్రకటించారు. 2017 చివర్లో ట్రంప్ దాన్ని సుమారు 85 శాతం కుదించారు. 2021లో బైడెన్ మళ్లీ పాత హద్దులు తెచ్చారు. అక్కడి క్లైంబర్ల సంఘం కోర్టుకు కూడా వెళ్లింది. పార్టీల పేరెత్తకుండా ఆ గోడల భవిష్యత్తు గురించి మాట్లాడటం ఎవరి వల్లా కాదు.

అదే దేశంలోని వాయోమింగ్‌లో డెవిల్స్ టవర్ ఉంది. నిటారు స్తంభాలతో నిలిచిన ఆ కొండ అక్కడి ఆదివాసీ తెగలకు పవిత్రం. జూన్‌లో వాళ్ల క్రతువులు జరుగుతాయి కాబట్టి ఆ నెల ఎక్కవద్దని పార్కు అధికారులు 1995 నుంచి క్లైంబర్లను కోరుతున్నారు. కోరడమే, నిషేధం లేదు. చాలామంది మానుకున్నారు. కొందరు ఎక్కుతూనే ఉన్నారు, దాని మీద కోర్టు కేసులూ నడిచాయి. అవతలివాళ్ల నమ్మకం నాది కాదు, అయినా నెల రోజులు ఆగగలనా లేదా అని అక్కడ ప్రతి క్లైంబర్ తనను తాను అడుగుకోవాల్సి వచ్చింది. మీ డేగల గోడ ప్రశ్న కూడా ఇంచుమించు ఇదే తీరుది. అది మీ బృందం కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, అడ్డుకోవాల్సిన విషయం కాదు.

అయితే ఆ రోజు మీవాళ్లు దాన్ని తేల్చుకోలేదు. గోడ ఎప్పుడు తెరుస్తారు, డేగ పిల్లలు ఎగిరిపోయాయని ఎవరు చూసి చెబుతారు, పక్క గోడ మీద ఎక్కితే గూటికి ఇబ్బందా, వీటిలో ఒక్క ప్రశ్నయినా ఎవరైనా అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. మొదటి వాక్యానికే గోడ పక్కకు పోయి ఓటు ముందుకొచ్చింది. మీరు ఆపగలిగింది అక్కడే. "గోడ గురించి మాట్లాడదాం, ఓట్ల గురించి కాదు" అని ఒక్కసారి అనండి. తర్వాత పనులు పంచండి. ఒకరు అధికారులతో మాట్లాడి గడువు కనుక్కోవాలి, ఇంకొకరు దూరం నుంచి బైనాక్యులర్లతో గూడు గమనించాలి. ఆశ్చర్యంగా అనిపించవచ్చు గానీ గూడు చూసే పనికి అన్నను అడగమంటాను. ఆ గోడను అందరికన్నా ఎక్కువ ఏళ్లుగా చూసింది ఆయనే. నిషేధాన్ని తిట్టేవాళ్లలో చాలామందికి అసలు కోపం, తమను ఒక్క మాట అడక్కుండా నిర్ణయం జరిగిపోయిందని. ఆయనా అంతే కావచ్చు. కాకనూ పోవచ్చు, అప్పుడు వేరేవాళ్లకు ఇవ్వండి.

పూర్తి నిషేధానికి, ఇప్పటి గందరగోళానికి మధ్య ఇంకో దారి ఉంది. హార్నెస్ వేసుకున్నప్పటి నుంచి తీసేదాకా తాడు మాటలే. స్లాక్ (తాడు వదులు), టేక్ (తాడు బిగించు), దించు, కాలు కుడివైపు పెట్టు, ఇవే. హార్నెస్ తీశాక ఎవరిష్టం వాళ్లది. దీనికి నేను మొగ్గుతాను. కారణం, ఇది ఎవరి అభిప్రాయాన్నీ తప్పు పట్టదు. భద్రత పేరు చెప్పి పెట్టే రూల్ కాబట్టి అన్న గుంపూ, అమ్మాయి గుంపూ కాదనలేరు. దీని లోపాలు కూడా వినండి. మనసులో ఉన్న మంటను ఇది ఆర్పదు. సాయంత్రం హార్నెస్ తీయగానే పొద్దుటి బాకీ తీర్చుకునేవాళ్లుంటారు. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే రూల్‌ను మొదట తెంచేది బహుశా మీ అభిప్రాయాలకు దగ్గరవాళ్లే. అమ్మాయి గుంపులో ఎవరో ఒక చక్కటి చురక వేస్తారు, మీకూ నవ్వొస్తుంది. ఆ క్షణంలో మీరు వాళ్లను ఆపకపోతే ఆ రోజుతో రూల్ చచ్చిపోతుంది. అంత దృఢంగా ఉండగలనని అనిపిస్తేనే పెట్టండి.

ఇప్పటిదాకా చెప్పింది అభిప్రాయభేదాల గురించి. ఆ అమ్మాయి మతం మీద, ఇంటివాళ్ల మీద విసిరిన మాట ఈ లెక్కలోకి రాదు. దాన్ని మీరు కూడా 'రాజకీయ గొడవ' పద్దులోనే రాశారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. ఏ పార్టీ మంచిదన్న దాని మీద ఇద్దరు తిట్టుకోవచ్చు, మర్నాడు కలిసిపోవచ్చు. నీ పుట్టుకే తప్పు అన్నాక కలిసిపోవడానికి అవతలివాళ్ల దగ్గర దారే ఉండదు.

పర్వతారోహణ చరిత్రలో దీనికి ఒక చేదు ఉదాహరణ ఉంది. జర్మన్, ఆస్ట్రియన్ ఆల్పైన్ క్లబ్ అప్పట్లో ఉమ్మడిగా ఒకే పెద్ద సంస్థ. అందులో కొన్ని శాఖలు యూదులను చేర్చుకోం అన్నాయి. వియన్నాలో అలా బయటపడ్డ యూదులు, వాళ్లకు అండగా నిలిచిన మరికొందరు కలిసి డోనౌలాండ్ అనే శాఖ పెట్టుకున్నారు. 1924లో ఆ శాఖ మొత్తాన్నీ క్లబ్ నుంచి వెళ్లగొట్టారు. హిట్లర్ అధికారానికి రావడానికి ఇంకా ఎనిమిదేళ్ల పైచిలుకు ఉంది. ఏ ప్రభుత్వమూ బలవంతం చేయలేదు, కొండలెక్కే మామూలు మనుషులు తమ సభలో తామే తీర్మానించుకున్నారు. అందులో అందరూ ద్వేషంతో ఓటేశారని నేననుకోను. గొడవ ఎందుకులే అని చేతులెత్తినవాళ్లు, అసలు మాట్లాడనివాళ్లు కూడా ఉండే ఉంటారు. మీ బృందాన్ని దానితో పోల్చడం లేదు. ఒకతను అన్న ఒక మాట దగ్గర ఎవరూ మాట్లాడకపోవడం ఎంత దూరం పోగలదో గుర్తుంచుకోమని చెబుతున్నాను.

ఆ మాటన్న మనిషికి మీరే చెప్పాలి, నలుగురిలో కాకుండా విడిగా. క్షమాపణ చెప్పాలి, మళ్లీ అంటే ఈ బృందంతో రావద్దు అని. అతను 'జోక్ చేశాను' అంటే చర్చలోకి దిగొద్దు. అతను వెళ్లిపోతే అతనితో ఇంకో ఇద్దరు ముగ్గురు వెళ్లిపోవచ్చు, ఆ నష్టానికి సిద్ధపడండి. మీరేమీ అనకపోతే ముందు వెళ్లేది ఆ అమ్మాయి. ఆ తర్వాత, ఆమెలాంటి ఇంటి నుంచి వచ్చిన కొత్తవాళ్లు చెప్పకుండానే రావడం మానేస్తారు. అన్నతో మాట్లాడేటప్పుడు కూడా ఈ సంగతి ఎత్తండి. "ఆ మాట మీరు అనలేదని నాకు తెలుసు. మీరు ఆపి ఉంటే ఆ గొడవ అక్కడితో ఆగిపోయేది, మీ మాట అందరూ వింటారు కాబట్టి" అనండి. గౌరవంతోనే అనొచ్చు. ఇది ఆయనకు ఎన్నికల ఫలితాల కన్నా గట్టిగా తగులుతుందని నా నమ్మకం.

ఒకరిని పంపించేయడం గురించి అడిగారు. ఆ ఇద్దరిలో ఎవరినీ పంపొద్దు. వాళ్లు చేసింది ఘాటుగా వాదించుకోవడం, దానికి వెలివేత శిక్ష కాదు. పైగా అన్న పోతే కొత్తవాళ్లకు నేర్పే చేయి పోతుంది, అమ్మాయి పోతే కుర్రకారంతా ఆమె వెంటే పోతారు. అయితే బృందం తనంతట తాను రెండుగా విడిపోవాలనుకుంటే దాన్ని మీ ఓటమిగా తీసుకోకండి. కొందరు శనివారం, కొందరు ఆదివారం వెళ్లినంత మాత్రాన కొండేమీ తరిగిపోదు. చిక్కల్లా మొన్న మొన్ననే చేరినవాళ్లతో. వాళ్లకు ఏ గుంపూ లేదు, ఎటు వెళ్లినా ఇంకో వైపు ముద్ర పడుతుంది. విడిపోయినా సరే శిక్షణ రోజులు మాత్రం అందరికీ కలిపే ఉంచమని అడగండి.

ఇప్పుడు మీ పిరికితనం ప్రశ్న. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. కాఠ్మండూ చేరేసరికి వాళ్ల కోసం ఎదురుచూస్తున్నది సన్మానాలే కాదు, ఒక ప్రశ్న కూడా: మొదట కాలు పెట్టింది ఎవరు? ఒక ఆసియా మనిషి ముందా, తెల్లవాడు ముందా అన్నది అప్పటికి పెద్ద రాజకీయం. టెన్సింగ్ కొండ మీద నిలబడి ఉంటే హిల్లరీని తాడుతో పైకి లాగుతున్నట్టు బొమ్మలు గీసి ఊరేగించారు. అటువైపు బ్రిటిష్ బృందంలోనూ మాటలు తూలాయి. చివరికి ఇద్దరూ కలిసి దాదాపు ఒకేసారి చేరామని ఒక ప్రకటన మీద సంతకం చేశారు. వేడి చల్లారాక, 1955లో టెన్సింగే తన ఆత్మకథలో హిల్లరీ కొన్ని అడుగుల ముందు ఎక్కాడని తేటగా చెప్పారు. తనను ఎత్తుకున్న జనానికి నచ్చని నిజమని తెలిసీ చెప్పారు. అంతకుముందు అదే యాత్రలో మంచు చీలికలోకి పడిపోబోయిన హిల్లరీని తాడు బిగబట్టి ఆపింది ఆయనే.

రెచ్చిపోయి ఉన్న జనం 'నువ్వెటు' అని అడిగినప్పుడు జవాబు చెప్పకపోవడం పిరికితనం కాదు. మీరు జంటలు వేసే మనిషి. ఈరోజు మీ ఓటు బయటపెడితే రేపు ఎవరికి ఎవరిని జంటగా వేసినా దాని వెనక లెక్క వెతుకుతారు. కానీ రెండు సందర్భాల్లో ఆ మౌనం పనికిరాదు. ఒకటి, ఇందాక చెప్పిన అవమానం లాంటిది కళ్లముందు జరిగినప్పుడు. అప్పుడు వెంటనే, అందరికీ వినపడేలా మాట్లాడాలి. రెండోది, అన్న మిమ్మల్ని సూటిగా, ఒంటరిగా అడిగినప్పుడు. ఆయనతో అబద్ధం ఆడొద్దు. "అన్నా, దీంట్లో నాది మీ దారి కాదు" అని చెప్పేయండి. మీకు తాడు కట్టడం నేర్పిన మనిషితో అభిప్రాయం కలవనంత మాత్రాన ఆ రుణం ఎగ్గొట్టినట్టు కాదు. నేర్పినవాళ్లకు మనం బాకీ పడేది కృతజ్ఞత, ఓటు కాదు. ఆయన ఆ మాట తట్టుకోలేకపోతే కొన్నాళ్లు దూరమవుతారు. అది బాధే, నేను కాదనను. ఏళ్ల తరబడి ఆయన ముందు నటించడం దానికన్నా పెద్ద బాధ.

తప్పుకోవడం మీ హక్కు. ఇన్నేళ్లు నడిపారు, ఇంకా నడపాలని ఎవరూ మిమ్మల్ని శాసించలేరు. అలసిపోయి తప్పుకుంటే తప్పు లేదు. ఈ గొడవ తేలకముందే, ఒక వారం రావడం మానేసి అలా జారిపోతే మాత్రం నష్టం ఎక్కువ. మీరు చూసే పనుల్లో పైకి కనపడనివి చాలా ఉంటాయి. ఏ తాడు ఎప్పుడు కొన్నాం, దాని మీద పెద్ద ఫాల్స్ (ఎక్కేవాళ్లు జారిపడటాలు) ఎన్ని పడ్డాయి, ఎక్కడైనా తొడుగు చిట్లిందా, ఈ లెక్క మీ దగ్గరే ఉండి ఉంటుంది. వాడకుండా మూల పెట్టిన తాడునైనా పదేళ్లు దాటితే పక్కన పడేయమని తయారీదారులు చెబుతారు, వారం వారం వాడేదాన్ని ఇంకా చాలా ముందే మార్చాలి. రెండు గుంపులూ అలిగి ఉన్న సమయంలో మీరు లేకపోతే ఆ పుస్తకం ఎవరూ తెరవరు.

నా మాటగా అయితే మూడు నెలలు ఉండి చూడండి. క్యారబీనర్ సంగతి చెప్పడం, ఆ నోరుజారిన మనిషితో మాట్లాడటం, హార్నెస్ రూల్, ఈ మూడూ ఈలోగా చేయగలిగినవే. జంటలు వేసే పని ఒక్కరి నెత్తిన ఉండకుండా రెండు గుంపుల నుంచీ ఒక్కొక్కరిని తోడు తీసుకోండి. వాళ్లిద్దరూ ప్రతి వారం కూర్చుని ఆ కాగితం మీద పేర్లు రాయాల్సి వస్తే కనీసం అంతవరకైనా మాట్లాడుకుంటారు. మూడు నెలల తర్వాత కూడా కొండకు బయల్దేరుతుంటే మీ కడుపులో అదే టెన్షన్ ఉంటే తాళ్ల పుస్తకం వాళ్ల చేతికిచ్చి తప్పుకోండి. తప్పుకున్నాక కూడా మీరు ఎక్కొచ్చు. అన్నతోనూ ఎక్కొచ్చు, ఆ అమ్మాయితోనూ ఎక్కొచ్చు. ఏమైందో మళ్లీ రాయండి.